కపాస్ హిసాబ్

మా ఖాందాన్‌లో పత్తికి రెండు పేర్లు. ఇంట్లో కూర్చొని మాట్లాడుకుంటే కపాస్, చేన్లో దిగితే పత్తి. కర్జ్ గురించిన మాటలన్నీ ఉర్దూలో నడుస్తాయి, పురుగు గురించిన మాటలన్నీ తెలుగులో. కర్జ్ ఇంటి గుట్టు, పురుగు ఊరందరి బాధ కాబట్టి అట్లా అలవాటైందేమో. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్న నాకు ఈ రెండు జబాన్ల నడుమ తర్జుమా చెయ్యడం చిన్నప్పటి నుంచీ ఉన్న పని. అఖ్బార్‌లో నౌకరీ దొరికాక అది ఇంకా పెరిగింది. మిరుగు దగ్గర పడితే చాలు, పరకాల వైపున్న మా ననిహాల్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. "ఇస్ సాల్ కౌన్సా బీజ్ డాల్నా, భాయిజాన్?" ఏ విత్తనం వెయ్యాలో అఖ్బార్‌వాలాకు తెలిసే ఉంటుందని వాళ్ల భరోసా.

ఈసారి మామూ కొడుకు అడిగిన సవాల్ వేరు. గడ్డి మందు కొట్టినా చావని పత్తి విత్తనం ఊళ్లోకి వచ్చిందట. చేనంతా మందు కొడితే గడ్డి మాడుతుంది, పత్తి మొక్క నిలబడుతుంది. కలుపు కూలి మిగులుతుంది. కాకపోతే అమ్మేవాడు బిల్లు ఇవ్వడు. రాత్రిపూట తెచ్చి ఇస్తాడు. వెయ్యాలా, వద్దా?

వద్దు అని ఒక్క మాట చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ "ఎందుకు వద్దు" అన్నదానికి పాతికేళ్ల హిసాబ్ చెప్పాలి. ఈ సవాల్ మా ఒక్క ఇంటిది కాదు. కౌలుకు తీసుకొని పత్తి వేసే మనవాళ్ల ఇళ్లు వరంగల్ నుంచి ఆదిలాబాద్ దాకా, ఇటు కర్నూలు దాకా ఎన్నో ఉన్నాయి. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మొదట 1997-98 సీజన్ గుర్తు చేసుకోవాలి. అప్పటికి మన దగ్గర బీటీ లేదు. పత్తి మీద పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు దండుగా పడ్డాయి. ఏ మందు కొట్టినా అసర్ లేదు. ఏళ్ల తరబడి అవే మందులు కొట్టీ కొట్టీ పురుగులకు అలవాటైపోయాయి. పైగా దుకాణంలో అమ్మిన మందుల్లో నకిలీవి ఎన్నో. వరంగల్ జిల్లాలో పత్తి రైతులు ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు. చాలామంది తాగింది చేనుకు తెచ్చిన మందే.

మామూకు రెండెకరాల సొంత భూమి, మూడెకరాల కౌలు. ఆ ఏడాది ముమానీ మందు డబ్బాలన్నీ ఒక చెక్కపెట్టెలో పెట్టి తాళం వేసి, చెవి కొంగుకు కట్టుకుంది. మామూ మందు కొట్టడానికి పోవాలంటే ఆమె వచ్చి తాళం తియ్యాలి. మిగిలిన డబ్బాను మళ్లీ ఆమె చేతికే ఇవ్వాలి. దాని గురించి ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను అప్పుడు చదువుకుంటున్నాను. ఆ పెట్టె ఎందుకుందో ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

బీటీ గురించి ఏ బహస్ జరిగినా నాకు ఆ పెట్టె గుర్తొస్తుంది. "బీటీ వచ్చినంకనే రైతులు చచ్చిపోతున్నారు" అని ఎవరైనా అంటే ఒప్పుకోలేను. చావులు ముందే మొదలైనాయి. "బీటీ వచ్చి రైతును గట్టెక్కించింది" అన్నా ఒప్పుకోలేను. ఈ రెండింటి నడుమ ఏం జరిగిందన్నదే అసలు మసలా.

బీటీ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా పేరు అది. కొన్ని రకాల పురుగుల కడుపును చిల్లులు చేసే ప్రొటీన్‌ను ఇది తయారు చేస్తుంది. ఆ ప్రొటీన్ తయారుచేసే జీన్‌ను పత్తిలోకి ఎక్కించారు. ఇక పురుగు ఆకు కొరికినా, కాయ తొలిచినా మందు దాని కడుపులోకి పోతుంది. బయట నుంచి కొట్టే పని తగ్గుతుంది. 2002 మార్చిలో కేంద్ర ప్రభుత్వ కమిటీ మన దేశంలో దీనికి ఇజాజత్ ఇచ్చింది. అమెరికా కంపెనీ మోన్‌శాంటో, మహారాష్ట్ర జాల్నాకు చెందిన మహికో కలిసి తెచ్చిన మూడు హైబ్రిడ్లు మెక్-12, మెక్-162, మెక్-184. అవి మన నేలల్లో సరిగా నడవలేదు. వరంగల్ రైతులు నుక్సాన్ అయ్యామని మొత్తుకున్నారు. 2005లో ఆ మూడింటికి ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి కొనసాగించలేదు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. జీన్ పురుగును చంపింది నిజమే, కానీ ఆ జీన్‌ను మోస్తున్న మొక్క మన వానకు, మన నల్లరేగడికి తగింది కాదు. బీజ్ అంటే ఒక్క జీన్ కాదు.

తర్వాత వేరే కంపెనీల హైబ్రిడ్లలోకి అదే జీన్ వచ్చింది. 2006లో రెండు జీన్లున్న బోల్‌గార్డ్-2 వచ్చింది. అప్పుడు తేడా కనిపించింది. శనగపచ్చ పురుగు భయం పోయింది. మామూ వారానికోసారి పంపు వీపున వేసుకునే రోజులు తగ్గినాయి. ముమానీ పెట్టెకు తాళం వెయ్యడం ఎప్పుడు మానేసిందో ఎవరూ గమనించలేదు. దేశం మొత్తం మీద హెక్టారుకు 300 కిలోల దగ్గరున్న దూది దిగుబడి 2007-08 నాటికి 500 కిలోలు దాటింది. అందులో అంతా బీటీ చలవే కాదు. కొత్త మందులు, నీళ్ల వసతి, మంచి వానలు కూడా కలిశాయి. అయినా బీటీ ఫాయిదా లేదని అనడం ఇన్‌సాఫ్ కాదు. దేశంలో పత్తి వేసేవాళ్లు పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దానివైపు మళ్లింది ఊరికే కాదు.

ఆ ఫాయిదాకు కిమ్మత్ ఎంతో చూడాలి. 450 గ్రాముల ప్యాకెట్ ధర మొదట్లో 1,600 రూపాయల పైన ఉండేది. అందులో 1,250 దాకా జీన్ మీద హక్కు పేరుతో కంపెనీకి పోయేది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీని మీద గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్‌కు ఎక్కింది, ప్యాకెట్ 750 రూపాయలకే అమ్మాలని కట్టడి చేసింది. 2007లో పత్తి విత్తనాల చట్టం కూడా తెచ్చింది. తర్వాత 2016 నుంచి ధర నిర్ణయించడం కేంద్రం చేతిలోకి పోయింది. జీన్ హక్కు రుసుము తగ్గుతూ తగ్గుతూ 2020 నాటికి సున్నా అయింది. అంటే సర్కార్ తలుచుకుంటే ధరను కట్టడి చెయ్యగలదు. మన దగ్గర నుంచే మొదలైన ఆ లడాయి గురించి మనవాళ్లకే ఎక్కువ తెలియదు.

అయితే ధర తగ్గినా బీజ్ రైతు చేతికి రాలేదు. మన దగ్గర బీటీని హైబ్రిడ్లలోనే ఇచ్చారు. హైబ్రిడ్ గింజ దాచి మరుసటి ఏడు వేస్తే పంట ఒక్కతీరుగా రాదు. కాబట్టి ఏటా కొనాల్సిందే. నానీ జొన్నలు, అనుములు బూడిదలో కలిపి కుండల్లో దాచేది. ఆ కుండలు మా ఇంట్లో నేను చూశాను. వాటి పక్కన పత్తి గింజల కుండ మాత్రం చూడలేదు. పత్తిలో హైబ్రిడ్ల జమానా 1970లో గుజరాత్‌లో వచ్చిన హెచ్-4తోనే మొదలైంది. విత్తనం ఇంటి నుంచి దుకాణానికి ముందే పోయింది. బీటీ వచ్చి ఆ తలుపుకు గడియ పెట్టింది.

ఈ హైబ్రిడ్ గింజ ఎట్లా తయారవుతుందో కూడా మన బిడ్డలకు చెప్పాలి. సాయంత్రం ఒక చెట్టు మొగ్గలు గిల్లి మగభాగం తీసేస్తారు. తెల్లారి ఇంకో చెట్టు పూలు తెచ్చి ఆ పుప్పొడి అద్దుతారు. ఒక్కో పువ్వుకు ఒక్కోసారి, చేత్తో. గద్వాల, కర్నూలు, నంద్యాల వైపు విత్తన చేలల్లో ఈ పనికి చిన్నపిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని బడి మాన్పించి పెట్టిన సంగతి అఖ్బార్లలో, పరిశోధనల్లో ఏళ్ల తరబడి వచ్చింది. "అధునాతన సాంకేతికత" అని డబ్బా మీద రాసిన విత్తనం ఆ చిన్న వేళ్ల మహెనత్ లేకుండా డబ్బాలోకి రాలేదు.

ఇప్పుడు పురుగు సంగతికి వస్తాను. ఒకే మందు రోజూ తగిలితే పురుగులు దానికి అలవాటు పడతాయి. అది 1997లోనే మనం చూశాం. బీటీలో ఆ మందు చెట్టులోనే ఉంది, పగలూ రాత్రీ తగులుతుంది. అందుకే ప్రతి చేను చుట్టూ ఐదు వరుసలు, లేదా చేనులో ఐదో వంతు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే అంత మామూలు పత్తి వెయ్యాలని షరతు పెట్టారు. దానికోసం బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చేవాళ్లు. మామూలు పత్తి మీద బతికిన పురుగులు, బీటీ మీద బతికి బయటపడిన ఒకటీ అరా పురుగులతో జత కడతాయి. వాటి పిల్లలు మళ్లీ బీటీకి చస్తాయి. జీన్ ఎక్కువ కాలం పనిచేస్తుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఐదో వంతు చేనును పురుగుకు వదలమని రెండెకరాల రైతుకు చెప్తే వింటాడా? కౌలు మొత్తం చేనుకూ కట్టాలి కదా. చిన్న ప్యాకెట్ ఎందుకో దుకాణంవాడు చెప్పలేదు, కంపెనీ గట్టిగా అడగలేదు, సర్కార్ చూడలేదు. చాలా ఊళ్లలో ఆ ప్యాకెట్లు గట్టు మీదే ఉండిపోయాయి.

గులాబీ రంగు పురుగుకు ఇదే మౌకా అయింది. ఆ పురుగుకు పత్తి గింజే ముఖ్యమైన తిండి. కాయలోకి చిన్నగా దూరి లోపలే ఉంటుంది, బయటికి కనపడదు. హైబ్రిడ్ చెట్టు కాయలో గింజలన్నింట్లో జీన్ ఒక్కతీరుగా ఉండదు. కొన్నింట్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. ఇది పురుగుకు బీటీని కొద్దికొద్దిగా రుచి చూపించి అలవాటు చేసినట్టైంది. దానికి తోడు మనం ఇంకో రెండు క్వింటాళ్లు వస్తాయన్న ఆశతో ఫిబ్రవరి, మార్చి దాకా చేను పీకకుండా ఉంచాం. పురుగుకు ఏడాదంతా ఖానా దొరికింది. మొదటి తరం బీటీని ఈ పురుగు తట్టుకుంటోందని గుజరాత్‌లో 2010 నాటికే బయటపడింది. 2014, 2015 వచ్చేసరికి అక్కడే బోల్‌గార్డ్-2ను కూడా దాటింది. 2017లో మహారాష్ట్రలో, మన తెలంగాణలో కాయలు విప్పితే పురుగే. అదే ఏడాది మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ విషం సోకి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. పంపు మళ్లీ వీపు మీదికి వచ్చింది.

దీన్ని జీన్ ఓడిపోయింది అనొచ్చా? అదే గులాబీ పురుగు అమెరికాలో కూడా ఉండేది. అక్కడా బీటీ పత్తే వేశారు. దానికి తోడు వంధ్యత్వం చేసిన పురుగుల్ని కోట్లలో గాలిలోకి వదిలారు, పంట కాగానే చేలు దున్నేలా నియమం పెట్టి పాటించారు. 2018లో తమ పత్తి చేలల్లో ఆ పురుగే లేదని ప్రకటించారు. ఇక్కడా బీటీయే, అక్కడా బీటీయే. అక్కడ దాన్ని ఒక అమానత్ లాగా చూసుకున్నారు. పురుగు ఇంకా ఆ మందుకు చస్తుందన్నది ఏ ఒక్క కంపెనీ సొత్తు కాదు, ఏ ఒక్క రైతు సొత్తూ కాదు, అందరిదీ. మన దగ్గర అమ్మేవాడు అమ్ముకున్నాడు, కొన్నవాడు మజ్బూరీతో వాడుకున్నాడు, చూడాల్సినవాళ్లు చూడలేదు. ఖర్చైపోయింది. నుక్సాన్ మాత్రం చివరి మనిషి మీద, కౌలుదారు మీద పడింది.

మామూ కొడుకు అడిగిన గడ్డి మందు విత్తనానికి ఈ హిసాబ్‌నే పెట్టి చూడాలి. దానికి మన దేశంలో ఇజాజత్ లేదు. అయినా కొన్నేళ్లుగా చాటుగా అమ్ముతూనే ఉన్నారు. మొలక రాకపోయినా, కాయ పట్టకపోయినా అడగడానికి చేతిలో కాగితం ఉండదు. పట్టుబడితే కేసు, దాంతోపాటు విత్తనం పోతుంది. దాని మీద కొట్టే గ్లైఫోసేట్ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న వాటి జాబితాలో పెట్టింది. కొన్ని దేశాల నియంత్రణ సంస్థలు అంత ప్రమాదం లేదంటున్నాయి. బహస్ నడుస్తోంది. కానీ చేతికి తొడుగు లేకుండా, మూతికి రుమాల్ మాత్రం కట్టుకొని కొట్టేవాడికి ఆ బహస్ తేలేదాకా ఆగే వీలు లేదు.

ఇంకొకటి ఉంది. కలుపు కూలి భారమని తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. సీజన్లో మనుషులు దొరకరు. కానీ ఆ కలుపు తీసేది ఎవరు? ముమానీ సొంత చేను పనైపోయాక పక్క చేలకు కలుపు కూలికి పోతుంది. ఆమె చేతికి మామూను అడగకుండా వచ్చే పైసలు అవే. బిడ్డకు ఈద్ బట్టలు, అప్పుడప్పుడు దవాఖానా ఖర్చు అందులోంచే. గడ్డి మందు మిగిల్చే కూలి ఎవరి జేబులోంచి తీసి ఎవరి జేబులో వేస్తుందో కూడా హిసాబ్‌లో రాయాలి కదా. ఈ మాట తమ్ముడికి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అమ్మీకి చెప్పకు" అన్నాడు.

మన ఇళ్లలో ఇంకో సవాల్ కూడా వస్తుంది. మా ఫుప్పు ఒకసారి అడిగింది. ఖుదా చేసిన దాంట్లో ఇట్లా వేలు పెట్టడం జాయిజేనా అని. నేను ఆలిమ్‌ను కాదు, ఫత్వా చెప్పే హఖ్ నాకు లేదు. ఆమెకు షుగర్ ఉంది, రోజూ ఇన్సులిన్ తీసుకుంటుంది. ఒకప్పుడు ఇన్సులిన్‌ను పంది, ఆవు గ్రంథుల నుంచి తీసేవాళ్లు. మనుషుల ఇన్సులిన్ జీన్‌ను బాక్టీరియాలో పెట్టి తయారుచేసిన మందుకు 1982లో అమెరికాలో ఇజాజత్ వచ్చింది. ఇప్పుడు ఆమె ఏ షక్ లేకుండా వేసుకునే సూది ఈ ఇల్మ్ వల్లనే వచ్చింది. అది విని "అచ్ఛా" అన్నది. కాసేపాగి, "అయితే దాని ధర ఎందుకు అంతుంది?" అని అడిగింది. పత్తి గురించి కూడా అడగాల్సింది అదే.

ఎందుకంటే అదే జీన్ వేరే చేతిలో ఉంటే కథ వేరేగా నడిచింది. బీటీ వంకాయను మన దేశంలో తయారు చేశారు. హైదరాబాద్‌తో సహా ఏడు నగరాల్లో ప్రజల మాట విన్నాక, 2010 ఫిబ్రవరిలో అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ దాన్ని నిలిపేశారు. బంగ్లాదేశ్ 2013లో దానికి అనుమతి ఇచ్చింది. అక్కడ ప్రభుత్వ పరిశోధన సంస్థ తమ దేశీ వంకాయ రకాల్లోనే ఆ జీన్ పెట్టింది. హైబ్రిడ్ కాదు కాబట్టి రైతు గింజ దాచుకొని మళ్లీ వేసుకోవచ్చు. ఆ వంకాయ మీద బహస్‌లు అక్కడా ఉన్నాయి. కానీ ఏటా జూన్‌లో దుకాణం ముందు నిలబడే మజ్బూరీ మాత్రం అందులో లేదు.

ఇప్పుడు ఈ సవాల్ మన దస్తర్‌ఖాన్ దాకా వస్తోంది. 2025 మేలో కేంద్ర వ్యవసాయ మంత్రి రెండు వరి రకాలను ప్రకటించారు. అందులో ఒకటి రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ చేసిన 'కమల'. మనమంతా తినే సాంబ మసూరిలోనే ఒక జీన్‌ను సరిచేసి తయారు చేశారు. బయటి జీన్ ఎక్కించలేదు. దిగుబడి ఎక్కువని, 20 రోజులు ముందే కోతకు వస్తుందని ఆ శాస్త్రవేత్తలు చెప్తున్నారు. ఇరవై రోజులు తగ్గితే ఒక తడి నీళ్లైనా మిగులుతాయి. పబ్లిక్ పైసలతో, మన షహర్‌లో జరిగిన పని ఇది. నాకు ఖుషీగానే ఉంది. కానీ ఇట్లా జీన్ సరిచేసే పద్ధతి మీద విదేశీ పేటెంట్లున్నాయి. పరీక్షల వివరాలన్నీ బయట పెట్టాలని అడిగేవాళ్లున్నారు. రైతు ఆ వడ్లు దాచుకొని వేసుకోవచ్చా, పక్కింటికి ఇవ్వొచ్చా అన్నది కాగితం మీద సాఫ్‌గా రావాలి. అది ఇప్పుడే అడగాలి. ప్యాకెట్ మీద ధర అచ్చైనంక అడిగితే ఏమవుతుందో పత్తిలో చూశాం.

తమ్ముడికి చివరికి చెప్పింది ఇది. చాటుగా తెచ్చిన విత్తనం వద్దు. తక్కువ రోజుల రకం, బిల్లుతో కొను. బిల్లు, ఖాళీ ప్యాకెట్ రెండూ పంట చేతికొచ్చేదాకా దాచు. విత్తిన 45 రోజులకు లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగులెన్ని పడుతున్నాయో లెక్క చూడు. విచ్చుకోని గుడ్డి పూలు కనపడితే ఏరి కాల్చెయ్. డిసెంబర్ దాటినంక ఇంకో ఏరుడు వస్తుందని ఆశపడకు, కట్టె పీకెయ్. నువ్వొక్కడివి పీకితే చాలదు, పక్క చేన్లవాళ్లు కూడా పీకాలి. పురుగుకు గట్టు తెలియదు.

"అందరూ పీకుతారా భాయిజాన్?" అన్నాడు.

శుక్రవారం నమాజ్ తర్వాత మాట్లాడు, గ్రామ పంచాయతీ దగ్గర మాట్లాడు అన్నాను. కలుపు కూలి గురించి మాత్రం ముందు ముమానీని అడగమన్నాను. ఆ చేను హిసాబ్ ఆమెకే బాగా తెలుసు.